తొలి బాటసారి – బెర్తా బెంజ్

జర్మనీ దేశంలోని స్టుట్‌గార్ట్ నగరంలో మెర్సిడెస్-బెంజ్ సంస్థవారి ప్రదర్శనశాల ఉన్నది. 2006వ సంవత్సరంలో ప్రారంభమైన ఆ భవన నిర్మాణమే ఒక వింత. సందర్శకులు ముందుగా లిఫ్టులో పై అంతస్తుకు చేరుకొంటారు. అక్కడి నుండి మెలికలు తిరిగిన వాలుదారుల వెంట కిందికి దిగుతూ, మోటారు వాహనం పుట్టిన నాటి నుండి నేటి వరకు గల చరిత్రను, 160 వాహనాలను వరుసగా చూస్తారు. కార్లంటే మక్కువ గలవారికి అది యాత్రాస్థలం వంటిది. అయితే పై అంతస్తులో వారికి మొదట ఎదురుపడేది కారు కాదు; ఒక తెల్లని గుర్రపు బొమ్మ. వేల సంవత్సరాలుగా మానవుని బండిని లాగిన ఆ జంతువుకు నమస్కరించి ముందుకు సాగమన్నట్లుగా దానిని అక్కడ నిలిపారు. దానిని దాటితే 1886 నాటి రెండు తొలి వాహనాలు కనిపిస్తాయి. ఒకటి గోట్లీబ్ డైమ్లర్ నిర్మించిన నాలుగు చక్రాల బండి. రెండవది కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రాల బండి.

ఆ మూడు చక్రాల బండి చూపునకు రిక్షా కంటె గొప్పగా ఉండదు. ఉక్కు గొట్టాలతో చేసిన చట్రం, సైకిలు చక్రాల వంటి సన్నని చక్రాలు, ఇద్దరు కూర్చొనే ఆసనం, స్టీరింగు చక్రానికి బదులు చేతితో తిప్పే చిన్న పిడి మాత్రమే అందులో ఉంటాయి. ఆసనం వెనుక ఒకే సిలిండరు గల ఇంజను, దాని కింద అడ్డంగా పరుండబెట్టిన పెద్ద ఇనుప చక్రం ఉంటాయి. ఆ చక్రాన్ని చేతితో గిర్రున తిప్పితేనే ఇంజను మేల్కొంటుంది. దాని శక్తి ఒక అశ్వశక్తిలో ముప్పాతిక భాగమే. గంటకు 16 కిలోమీటర్లు దాని పరమవేగం. మన ప్రబంధ కవులు నాయకుని రథానికి మనోవేగాన్ని ఆరోపించి సంతృప్తి చెందారు. ఈ బండికి ఒక గుర్రం వేగమైనా పూర్తిగా అబ్బలేదు. అయినా ప్రపంచంలోని మోటారు కార్ల వంశవృక్షానికి మూలం ఇదే.

ఈ బండి సృష్టికర్తగా లోకం చెప్పుకొనేది ఒక్కరి పేరే. ఆయన కార్ల్ బెంజ్. కాని, ఆ బండి నిర్మాణానికి పునాది వేసిన ధనం మరొకరిది. అది ఊరి పొలిమేర దాటి పోగలదని లోకానికి చూపిన ధైర్యమూ ఆ వ్యక్తిదే. ఆమె కార్ల్ బెంజ్ భార్య బెర్తా.

బెర్తా రింగర్ 1849 మే 3వ తేదీన బాడెన్ రాజ్యంలోని ఫోర్ట్స్‌హైమ్ పట్టణంలో జన్మించింది. ఆమె తండ్రి గృహ నిర్మాణ వృత్తిలో బాగా సంపాదించిన సంపన్నుడు. ఆ ఇంట అప్పటికే ఆడపిల్లలు ఉన్నారు. బెర్తా పుట్టినప్పుడు తండ్రి, దురదృష్టవశాత్తు మళ్ళీ ఆడపిల్లే పుట్టినదని కుటుంబ బైబిలు గ్రంథంలో రాసి పెట్టాడట. కొంత పెద్దదయ్యాక ఆ పంక్తి ఆమె కంట పడినదని, అది ఆమె మనసులో ముల్లువలె నాటుకొన్నదని చెబుతారు. ఆమె చురుకైన బాలిక. యంత్రాల పట్ల ఆసక్తి ఉండేది. కాని ఆ కాలంలో ఆడపిల్లల చదువు గృహిణి కాదగినంత వరకే. బాడెన్ రాజ్యంలోని విశ్వవిద్యాలయాలు స్త్రీలకు తలుపులు తెరచినది 1900లో. అప్పటికి బెర్తా యాభై ఏండ్లు దాటినది.

1869 జూన్ 27వ తేదీన ఒక సంఘం వారు ఏర్పాటు చేసిన విహారయాత్రలో భాగంగా ఆమె తల్లితో కలిసి మౌల్‌బ్రాన్ అనే పురాతన మఠానికి వెళ్ళినది. ఆ యాత్రలోనే కార్ల్ బెంజ్ అనే యువ ఇంజనీరు పరిచయమయ్యాడు. అతడు 1844లో పుట్టినవాడు. రైలింజను డ్రైవరైన తండ్రి, అతనికి రెండేండ్ల వయసులోనే మరణించాడు. తల్లి లేమిలోనే అతనిని పెంచి, కార్ల్స్‌రూయె నగరంలోని సాంకేతిక విద్యాలయంలో చదివించినది. అతని చేతిలో డబ్బు లేదు. తలలో మాత్రం గుర్రం లేని బండి ఒకటి నిత్యం తిరుగుతూ ఉండేది. ఆ బండిని గూర్చి అతడు చెప్పుకొంటూ పోతే నవ్వకుండా విన్నవారు తక్కువ. బెర్తా విన్నది, విని నమ్మినది.

1871లో కార్ల్ మన్‌హైమ్ నగరంలో ఆగస్ట్ రిట్టర్ అనే భాగస్వామితో కలిసి ఒక యంత్రాల కార్ఖానా పెట్టాడు. మొదటి ఏడాదే అది కుదేలయింది. భాగస్వామి నమ్మదగినవాడు కాడని తేలిపోయినది. పనిముట్లు జప్తు అయ్యే పరిస్థితి వచ్చినది. అప్పుడు బెర్తా ఒక నిర్ణయం తీసుకొన్నది. వివాహ సమయంలో తనకు అరణంగా రావలసిన ధనంలో కొంత భాగాన్ని ముందుగానే తండ్రి నుండి తెప్పించి, రిట్టర్ వాటాను కొనిపించి, కార్ఖానాను కాబోయే భర్త సొంతం చేసినది. 1872 జూలై 20న వారి వివాహం జరిగినది.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. మన ధర్మశాస్త్రాలు స్త్రీధనాన్ని స్త్రీ సొత్తుగానే చెప్పాయి. ఆచరణలో ఏమి జరిగినదన్నది వేరే మాట. ఆనాటి జర్మన్ రాజ్యాల చట్టంలో మాత్రం పెళ్ళయిన స్త్రీ తన ధనాన్ని తాను స్వతంత్రంగా వ్యాపారంలో పెట్టే వీలు లేకుండెను. ఆ అధికారం భర్తది. అంటే బెర్తా తన సొమ్మును తన ఇష్టప్రకారం వినియోగించగలిగినది కన్యగా ఉన్న కొద్ది నెలలలోనే. ఆ సొమ్ముతో నిలిచిన కార్ఖానాలో తరువాత పుట్టినదేదైనా, చట్టం దృష్టిలో అది భర్త పేరిటనే ఉంటుంది.

తరువాతి పదేండ్లూ ఇబ్బందులే. 1873 నుండి దేశమంతటా వ్యాపార మాంద్యం ఆవరించినది. యూజెన్, రిచర్డ్, క్లారా అనే ముగ్గురు పిల్లలు వరుసగా పుట్టారు. టిల్డె, ఎలెన్ ఆ తరువాతివారు. గృహం గడవడమే కష్టమైన ఆ రోజులలో కార్ల్ ఇంజను ప్రయోగాలు మానలేదు, బెర్తా మానుమనలేదు. 1879 డిసెంబరు 31వ తేదీ రాత్రి భోజనాలైన తరువాత, మరొక్కసారి కార్ఖానాకు వెళ్ళి ఇంజనును ప్రయత్నించి చూద్దామన్నది ఆమెయేనని కార్ల్ తన ఆత్మకథలో తెలిపాడు. ఎన్నో రోజులుగా మొరాయించిన ఇంజను ఆ రాత్రి చక్కని లయతో నడిచినది. అవతల నూతన సంవత్సరపు గంటలు మోగుతుండగా దంపతులిద్దరూ ఆ యంత్రధ్వనిని వింటూ నిలబడిపోయారు.

1883లో ఇద్దరు కొత్త భాగస్వాములతో 'బెంజ్ అండ్ కంపెనీ' ఏర్పడినది. నిశ్చలంగా ఉండి పనిచేసే ఇంజనులను అమ్మి కంపెనీ లాభపడినది. దానితో బండి నిర్మాణానికి వెసులుబాటు చిక్కినది. 1886 జనవరి 29న ఆ బండికి 37435 సంఖ్య గల పేటెంటు కోసం దరఖాస్తు దాఖలైనది. అదే సంవత్సరం జూలై 3న మన్‌హైమ్ వీధిలో అది బహిరంగంగా నడిచినది. ఇంధనం అయిపోతే పోయడానికి కుమారుడు యూజెన్ సీసా పట్టుకొని బండి పక్కన పరుగెత్తేవాడట.

లోకం ఆశ్చర్యపడినది గాని, కొనడానికి ముందుకు రాలేదు. చప్పుడు చేస్తూ, పొగ కక్కుతూ, నడివీధిలో ఆగిపోయే బండి ఎవరికి కావాలి? గుర్రమైతే ఆగదు, ఆగినా అదిలిస్తే కదులుతుంది. కార్ల్ బెంజ్ స్వభావమూ దీనికి కొంత కారణం. అతడు మహా యంత్రజ్ఞుడే గాని వ్యాపార చతురుడు కాడు. బండిని ఇంకా మెరుగుపరచాలి, ఇంకా పరీక్షించాలి అనుకొంటూ కార్ఖానా చుట్టుపక్కలనే తిప్పుతూ ఉండిపోయాడు. 1888 ఆగస్టు 1వ తేదీన ప్రభుత్వం అతనికి ప్రయోగార్థం బండి నడుపుకొనే అనుమతి పత్రం ఇచ్చినది. దూర ప్రయాణానికి మాత్రం అతడు సాహసించలేదు. ఇంట్లో భార్య ఇదంతా చూస్తూనే ఉన్నది. తన అరణం, తన యౌవనం, తన పిల్లల భవిష్యత్తు ఆ కొట్టంలో కదలకుండా నిలిచిన బండిలో ఉన్నాయి.

ఆ ఆగస్టు నెల మొదటి వారంలోనే, బడులకు సెలవులు ఇచ్చిన సమయంలో, ఒకనాడు తెల్లవారుజామున బెర్తా తన ఇద్దరు కుమారులను వెంట తీసుకొని బయలుదేరినది. యూజెన్‌కు పదిహేనేండ్లు, రిచర్డ్‌కు పదమూడు. భర్త ఇంకా నిద్రలో ఉన్నాడు. తాము అమ్మమ్మగారి ఊరు ఫోర్ట్స్‌హైమ్ వెళ్తున్నట్లు ఒక చీటీ రాసి పెట్టారు. ఎలా వెళ్తున్నదీ అందులో చెప్పలేదట. చప్పుడు కాకుండా బండిని కొంతదూరం నెట్టుకొంటూ పోయి, ఆ తరువాతనే ఇంజనును తిప్పారు. మూడవ నమూనాగా తయారైన బండి అది. మన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్ దాదాపు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. అంతవరకు ఏ మోటారు బండీ అంత దూరం పోలేదు. ప్రభుత్వం అనుమతి ఇచ్చినది కార్ల్‌కు. బెర్తా చేతిలో ఏ కాగితమూ లేదు.

ఆనాటి దారులు గుర్రపు బండ్ల కోసం ఏర్పడినవి. గతుకులు, దుమ్ము, చక్రాల జాడలు. లాడెన్‌బుర్గ్, హైడెల్‌బర్గ్ మీదుగా మైదాన ప్రాంతంలో ప్రయాణం బాగానే సాగినది. ఇంజను వేడెక్కకుండా చుట్టూ నీరు ఉండాలి. ఆ నీరు ఆవిరై పోతూ ఉంటుంది. కనుక బావి కనిపించిన చోటల్లా, సత్రం కనిపించిన చోటల్లా, ఏమీ లేనిచోట వాగులో నుండి నీరు పట్టుకోవలసి వచ్చినది. వీస్‌లోక్ అనే చిన్న పట్టణం చేరేసరికి ఇంధనం అడుగంటినది. అప్పటికి లోకంలో పెట్రోలు బంకు అనే మాటే లేదు. ఆ బండికి కావలసిన ఇంధనం లిగ్రోయిన్ అనే ద్రవం. బట్టల మీది మరకలు పోగొట్టడానికి ప్రజలు దానిని మందుల దుకాణంలో చిన్న సీసాలలో కొనుక్కొనేవారు. బెర్తా ఆ ఊరి మందుల దుకాణంలోకి వెళ్ళి లిగ్రోయిన్ కొనుగోలు చేసినది. ఆ దుకాణమే ప్రపంచంలోని మొదటి ఇంధన విక్రయ కేంద్రంగా ఈనాడు కీర్తి పొందినది.

దారిలో వచ్చిన చిక్కులను ఆమె ఎలా పరిష్కరించినదో చెప్పుకొనే వృత్తాంతం ఆ కుటుంబంలో తరతరాలుగా నిలిచినది. ఇంధనం పోయే సన్నని గొట్టం పూడిపోయినప్పుడు టోపీకి గుచ్చుకొనే పొడవైన సూదిని తీసి గొట్టాన్ని శుభ్రం చేసినది. విద్యుత్తీగ పైపూత ఒరిసిపోయినప్పుడు మేజోడు జారకుండా కట్టుకొనే పట్టీని దాని చుట్టూ చుట్టినది. సాగిపోయిన గొలుసును బ్రూక్‌సాల్‌లో ఒక కమ్మరి సరిచేశాడు. బ్రేకుకు వాడిన చెక్కదిమ్మలు అరిగిపోగా, బౌష్‌లోట్ గ్రామంలో చెప్పులు కుట్టేవాని చేత వాటిపై తోలు కొట్టించినది. మరునాటి బ్రేకు లైనింగుకు బీజం ఆ తోలుముక్కలోనే ఉన్నది. ఈ వివరాలలో ఏదైనా ఒకటి రెండు కథ పెరిగినకొద్దీ చేరినవి కావచ్చు. అయితే ప్రయాణం జరిగిన మాట, యంత్రాన్ని ఆమె క్షుణ్ణంగా ఎరిగిన మాట నిస్సందేహమైనవి. ఎరుగనివారికి గొట్టం పూడినదో తీగ తెగినదో తెలియదు గదా!

ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు ఇంజను చాలలేదు. తల్లీ పిల్లలు దిగి బండిని నెట్టవలసి వచ్చినది. దిగేటప్పుడు బ్రేకు భయం. పల్లెలలో జనం బండిని చూసి బెదిరిపోయారని, కొందరు దయ్యమనుకొన్నారని చెబుతారు. చీకటి పడే వేళకు ముగ్గురూ దుమ్ముకొట్టుకొని ఫోర్ట్స్‌హైమ్ చేరారు. క్షేమంగా చేరినట్లు బెర్తా భర్తకు తంతి పంపినది. ఉదయం బయలుదేరినవారు సాయంత్రానికి చేరుకొన్నారు. గుర్రం అలిసిపోయే దూరాన్ని ఆ చిన్న ఇంజను అలసిపోకుండా లాగినది. కొద్దిరోజుల తరువాత ఆ బండి మీదనే వారు తిరిగి మన్‌హైమ్ చేరారు.

ఆ ప్రయాణ ఫలితం రెండు విధాలుగా కనిపించినది. మొదటిది యంత్రానికి సంబంధించినది. ఎత్తులు ఎక్కడానికి మరొక గేరు అవసరమని, బ్రేకులకు తోలు తొడుగు కావాలని బెర్తా తన అనుభవంతో చెప్పగా కార్ల్ ఆ మార్పులు చేశాడు. కార్ఖానాలో కూర్చొని వందసార్లు పరీక్షించినా బయటపడని లోపాలను ఒక్క రోజు దారి బయటపెట్టినది. రెండవది లోకానికి సంబంధించినది. ఆ సంవత్సరం సెప్టెంబరులో మ్యూనిక్ నగరంలో జరిగిన యంత్ర ప్రదర్శనలో బెంజ్ బండికి స్వర్ణపతకం లభించినది. నగర వీధులలో దానిని నడిపి చూపారు. పారిస్‌లోని ఎమిల్ రోజె అనే వ్యాపారి దానికి ప్రతినిధి అయి ఫ్రాన్స్‌లో అమ్మకం సాగించాడు. 1886 నుండి 1894 వరకు తయారైన ఆ మూడు చక్రాల బండ్లు సుమారు ఇరవై అయిదే. తరువాత వచ్చిన నాలుగు చక్రాల బండ్లు, ముఖ్యంగా 1894లో రూపొందిన 'వెలో', కంపెనీ దశను మార్చివేశాయి. 1899లో ఒక్క ఏడాదిలోనే 572 వాహనాలను తయారుచేసి బెంజ్ కంపెనీ ప్రపంచంలోని అతిపెద్ద కార్ల సంస్థగా నిలిచినది.

అంత పెద్దదైన కంపెనీలో కార్ల్‌కు పొత్తు కుదరలేదు. 1903లో ఆయన దైనందిన నిర్వహణ నుండి తప్పుకొన్నాడు. బెంజ్ కుటుంబం మన్‌హైమ్ సమీపంలోని లాడెన్‌బుర్గ్ పట్టణానికి తరలిపోయినది. అక్కడ 1906లో కార్ల్, కుమారుడు యూజెన్‌తో కలిసి ఒక చిన్న కార్ల కర్మాగారం స్థాపించాడు. 1888 ఆగస్టులో బెర్తా తన కుమారులతో దాటిపోయిన ఊళ్ళలో లాడెన్‌బుర్గ్ కూడా ఒకటి. కార్ల్స్‌రూయె విద్యాలయం 1914లో కార్ల్‌ను గౌరవ డాక్టరేటుతో సత్కరించినది. 1925లో వెలువడిన ఆత్మకథలో ఆయన, అందరూ విడిచిపోయిన గడ్డు దినాలలో తనకు తోడుగా నిలిచినది భార్య ఒక్కతేనని మనస్ఫూర్తిగా చెప్పుకొన్నాడు. 1926లో బెంజ్ కంపెనీ, డైమ్లర్ కంపెనీ ఏకమై డైమ్లర్-బెంజ్ అయినవి. 1929 ఏప్రిల్ 4న కార్ల్ లాడెన్‌బుర్గ్‌లో కన్నుమూశాడు.

బెర్తా ఆ తరువాత మరి పదిహేనేండ్లు అదే ఇంటిలో జీవించినది. తాను రహస్యంగా నెట్టుకొంటూ తీసుకుపోయిన బండి ఎలాంటి లోకాన్ని సృష్టించినదో ఆమె కన్నులారా చూసినది. వీధుల నిండా కార్లు, పెద్ద రహదారులు, ఆ వెంటనే రెండు ప్రపంచ యుద్ధాలలో మోటారు వాహనాల పాత్ర కూడా చూడవలసి వచ్చినది. 1944 మే 3వ తేదీన, ఆమె తొంబది అయిదవ జన్మదినాన, భర్త చదివిన కార్ల్స్‌రూయె విద్యాలయం ఆమెను గౌరవ సెనేటరుగా ప్రకటించినది. తన యౌవనంలో స్త్రీని విద్యార్థినిగా కూడా చేర్చుకోని విద్యాలయం ఇచ్చిన గౌరవం అది. రెండు దినాల తరువాత మే 5న ఆమె మరణించినది.

లాడెన్‌బుర్గ్‌లోని కార్ల్ బెంజ్ కర్మాగార భవనం ఇప్పుడు మోటారు వాహన ప్రదర్శనశాలగా మారినది. స్టుట్‌గార్ట్‌లోని మహాభవనంతో పోలిస్తే చిన్నది. కాని తొలినాటి బండ్లను చూడగోరేవారు స్టుట్‌గార్ట్‌తో తృప్తిపడక ఇక్కడికీ వస్తారు. తొలి మూడు చక్రాల బండి అసలు ప్రతి మాత్రం మ్యూనిక్‌లోని డాయిష్ మ్యూజియంలో ఉన్నది. అమెరికాలోని మోటారు వాహన ప్రముఖుల కీర్తిమందిరంలో కార్ల్ బెంజ్ పేరు 1984లో చేరగా, బెర్తా పేరు 2016లో చేరినది. ఆమె పోయిన, వచ్చిన దారులు కలిపి 194 కిలోమీటర్ల మార్గం 2008 నుండి బెర్తా బెంజ్ స్మారక మార్గంగా గుర్తింపు పొందినది. దారి పొడవునా సూచికా ఫలకాలు నాటారు. పాత కార్లంటే ప్రీతి గలవారు తమ బండ్లతో ఆ దారిన ప్రయాణిస్తూ వీస్‌లోక్‌లోని మందుల దుకాణం ముందు ఆగుతారు.